స్వరలిపియందలి భావచిహ్నములు

వ్రాసిన స్వరమునకును పాడిన స్వరమునకును నడుమ నెంత దూరమున్నదో సంగీతము నేర్చినవారెల్ల నెఱుగుదురు. తోడిరాగమున గాంధారమును పుస్తకములలో ‘గ’ యను నొక్క యక్షరముగా వ్రాయుదురు. ఆ యక్షరమును చూచి కదలిక లేక నిలిపి పాడినచో నది తోడి కాదు. గురుముఖమున విన్నవారికి ఈ సంగతి చెప్పనక్కఱలేదు; విననివారికి ఆ యక్షరము చెప్పజాలదు. ఈ కొఱత తీర్చుటకై స్వరముల మీదను క్రిందను గుర్తులుంచు పద్ధతి యెట్లు పుట్టెనో, ముఖ్యముగా నెవరి కొఱకు పుట్టెనో, మా చదువరులకు కొంత తెలుపదలచితిమి.

ఐరోపాలో స్వరములను గీతలపై వ్రాయుట దాదాపు వేయేండ్లనాటి పని. అయినను ఏ పట్టు మెల్లగా, ఏ పట్టు గట్టిగా పలుకవలెనను సూచన చాలకాలము వ్రాతలో కానరాదు. కూర్చినవాడే దగ్గఱనుండి పాడించుచుండగా దానితో పనియేమి? 1597లో వెనిస్ నగరమున నచ్చయిన గాబ్రియేలి కృతి యొకటి ఇట్టి సూచనలు గల తొలివానిలో నొకటి. అందు ఎనిమిది వాద్యములు రెండు జట్లుగా నుండును. ఒక జట్టు పలుకునపుడు మెల్లగా నని ‘పియానో’ యనియు, రెండును కలిసినపుడు గట్టిగా నని ‘ఫోర్టే’ యనియు నచ్చువేసిరి. అచ్చుపుస్తకము తన్నెఱుగని ఊళ్ళకు పోవునని తెలిసినవాడే అట్టి మాట వ్రాయును. గుర్తు అపరిచితునకు వ్రాసిన జాబు వంటిది.

ఆ జాబును మఱియొకడు దిద్దినచో? జర్మనీ దేశపు బాఖ్ 1722లో కూర్చిన ‘వెల్ టెంపర్డ్ క్లావియర్’ మొదటి భాగమున బలాబలములను తెలుపు గుర్తులు లేవనియే చెప్పవచ్చును. 1837లో చెర్నీ యను వాద్యకారుడు ఆ గ్రంథమును ప్రకటించుచు, వేగమును, హెచ్చుతగ్గులను తెలుపు గుర్తులను దానినిండ చేర్చెను. తన గురువగు బీథోవెన్ వాయించిన తీరును జ్ఞప్తియందుంచుకొని చేర్చితినని చెప్పుకొనెను కూడ. కాని చదువువానికి బాఖు చేయి ఎచట ముగిసినదో, చెర్నీ చేయి ఎచట మొదలైనదో తెలియదయ్యెను. మన వ్యాఖ్యాతలు కొందఱు మూలములో తమ పద్యములను కలిపివేసినట్లే గదా ఇదియు!

బీథోవెన్ 1817లో తన సింఫనీలకు మెట్రోనోము లెక్కలు ప్రకటించెను. చైకోవ్‌స్కీ 1893లో తన యాఱవ సింఫనీయందొక బస్సూన్ వాద్యమునకు ‘మెల్లగా’ యను అక్షరమును ఆఱుమాఱులు వ్రాసెను. అంత మెల్లగా పలుకుట ఆ వాద్యమునకు కష్టమగుటచేత ఆ నాలుగు స్వరములను వేఱొక వాద్యమున కప్పగించుట నేటికిని పరిపాటి.

ఆ 1893లోనే చెన్నపట్టణమున చిన్నస్వామి ముదలియారు మన సంగీతమును ఐరోపీయ స్వరలిపిలో నచ్చొత్తించెను. ఆయన ప్రోత్సాహముననే ఎట్టయాపురపు విద్వాంసులగు సుబ్బరామ దీక్షితులు ‘సంగీత సంప్రదాయ ప్రదర్శిని’ని రచించిరి. 1904లో నా గ్రంథము ఎట్టయాపురముననే, తమిళదేశము నడుమ, తెలుగు లిపిలో వెలువడినది. డెబ్బదిరెండు మేళములకు లక్షణములు, గీతములు, తానములు, ముద్దుస్వామి దీక్షితుల కృతులు అందున్నవి. దీనిలో స్వరములపై గమకముల గుర్తులున్నవి: కంపితమునకు అలవంటి గీత, స్ఫురితమునకు మూడు చుక్కలు, ఏత్రజారునకు ఎగువాలు గీత, ఇఱక్కజారునకు దిగువాలు గీత. దీక్షితుల వారికి అది వంశధనము. ఇంటిలో దాచుకొన్నను అడుగువారు లేరు. దాని నచ్చునకిచ్చి, చదువ నేర్చినవారి కెల్ల తలుపు తెఱచిరి. మన సంస్కర్తల పట్టికలలో వారి పేరు చేర్చినవారిని మేము కానము. చేర్పవలెనని మా మతము.

తరువాత నేమైనది? వాడుకకు వచ్చిన స్వరపుస్తకములలో పెక్కింట సరిగమలు మిగిలినవి, గుర్తులు పోయినవి. అచ్చువారికి కష్టమనిరి, గురువున్నాడు గదా యనిరి. గురువున్నవానికి పుస్తకమేల? గురువు నింటికి పోజాలని ఆడుపిల్లకు, జీతమిచ్చుకొనలేని బడిపంతులు కొడుకునకు గదా పుస్తకము! వారి చేతికే ఎముకలు మాత్ర మిచ్చితిమి. మేమును బాల్యమున అట్టి పుస్తకముతోనే రెండేండ్లు పాడి, పిదప ఒక విద్వాంసునిముందు నోరు విప్పి నవ్వులపాలైతిమి.

నేడు కంప్యూటరుపై స్వరలిపి వ్రాయు సాధనములు వెలసినవి. మ్యూస్‌స్కోర్ అను నది వెల యియ్యకయే దొరకును. వ్రాసినదానిని అదియే వాయించి వినిపించును. కాని అందు ‘పియానో’ గుర్తు పెట్టినంతనే అది 49 అను అంకెగా మాఱును. ‘ఫోర్టే’ 96 అగును. గాబ్రియేలి వాద్యకారుడు ఆలయము వైశాల్యమును, తోడివాని ధ్వనిని చూచి నిర్ణయించుకొనెడి ‘మెల్లగా’ ఇచట ముందే తూచి కట్టిన పొట్లము. ఆ అంకెను మార్చు వీలున్నది. మార్పవలెనని తోచుటకు చెవి కావలెను.

మా పాఠశాల బాలిక యొకతె దీక్షితుల గ్రంథమునుండి యొక కృతిని ఈ సాధనమున వ్రాసినది. ఏత్రజారు గీతను దగ్గఱి పోలికగల ‘గ్లిసాండో’ గుర్తుతో వ్రాయగా, యంత్రము మెట్లెక్కినట్లు ఒక్కొక్క స్వరస్థానమును తాకుచు పైకి పోయినది. జారుగా పలికించు నేర్పాటును విడిగా ఎన్నుకొనవలెనని పిదప తెలిసినది. కంపితపు అలను కాగితముపై ముద్రింపవచ్చును గాని, యంత్రమునకది ఉత్త బొమ్మ. బాలిక నిరుత్సాహపడినది. ముద్రించిన కాగితము పనికిరాదా యని మమ్మడిగినది. దానిని పట్టుకొని మా వీధి చివర వీణ నేర్పు ముసలమ్మగారి యొద్దకు పొమ్మంటిమి. ఆమె కండ్లజోడు సవరించుకొని, ఒక్కొక్క పట్టు వీణపై మీటి చూచి, రెండు చోట్ల అలను కొట్టివేసి, ఒకచోట క్రొత్తగా పెన్సిలుతో గీచి, ప్రక్కను తన పేరును, తేదీని వ్రాసి యిచ్చినదట. బాలిక ఆ దిద్దుబాట్లను వేఱు రంగులో ఎక్కించుచున్నది.