బెల్చీతే శిథిలాలకి సబ్‌టైటిల్స్ ఎవరు వేశారు?

ఈ ఎపిసోడ్‌లో మనం స్పెయిన్‌లో ఉన్న ఒక చిన్న ఊరికి వెళ్తున్నాం. పేరు బెల్చీతే. ఈ పేరు ఎప్పుడూ వినలేదు అనుకుంటున్నారా? వినకపోయినా మీలో చాలామంది ఆ ఊరిని చూసేశారు. ‘స్పైడర్ మ్యాన్: ఫార్ ఫ్రమ్ హోమ్’ మొదట్లో మెక్సికోలో నేలమట్టమైన ఊరు అని ఒకటి చూపిస్తారు, గుర్తుందా? అది షూట్ చేసింది బెల్చీతేలో. ‘పాన్స్ లాబిరింత్’ మొదట్లో కనిపించే కూలిన ఊరు కూడా ఇదే. అవి సెట్ వేసిన గోడలు కాదు, నిజంగా మనుషులు బతికిన ఇళ్ళు.

సినిమా వాళ్ళు ఈ గోడలకి ఒక కథ తగిలించారు. కానీ వాళ్ళకంటే దశాబ్దాల ముందే ఒక నియంత ఇవే గోడలకి ఇంకో కథ తగిలించాడు. ఈరోజు మాట్లాడుకోబోయేది దాని గురించే. ఒక శిథిలం తనంతట తాను ఏమీ చెప్పదు. దాని కింద సబ్‌టైటిల్స్ ఎవరో ఒకరు వేస్తారు. ఎవరు వేశారు, ఎందుకు వేశారు అన్నది మనం చూసుకోవాలి.

ముందు నేల గురించి చెప్తాను, ఎందుకంటే ఈ కథలో నేలకి కూడా పాత్ర ఉంది. బెల్చీతే అరగోన్ ప్రాంతంలో, జరగోజా సిటీకి ఆగ్నేయంగా దాదాపు 50 కిలోమీటర్ల దూరంలో ఉంటుంది. స్పెయిన్ అనగానే మనకి బీచ్‌లు గుర్తొస్తాయి కదా, ఇక్కడ సీన్ వేరే. ఎబ్రో నది లోయకి ఉత్తరాన పిరెనీస్ పర్వతాలు, దక్షిణాన ఐబీరియన్ కొండలు, సముద్రం వైపు కాటలాన్ కొండలు. మేఘాలు ఆ కొండల మీదే కురిసేసి లోయలోకి ఖాళీగా వస్తాయి. ఏడాది మొత్తానికి వాన 350 మిల్లీమీటర్లకి అటూ ఇటూగా ఉంటుంది. దానికి తోడు వాయువ్యం నుంచి సియెర్సో అనే పొడిగాలి వీస్తుంది, ఉన్న కాస్త తేమని కూడా లాగేస్తుంది. అందుకే నేల తెల్లగా, పొడిగా, మోకాలెత్తు పొదలతో సగం ఎడారిలా ఉంటుంది.

కారులో పోతూ చూస్తే ‘ఇక్కడేముంది, అంతా ఖాళీ’ అనిపిస్తుంది. కానీ బెల్చీతే దగ్గర ఎల్ ప్లానెరోన్ అని ఒక పక్షుల రిజర్వ్ ఉంది. అక్కడ డ్యూపాంట్స్ లార్క్ అనే పిట్ట ఉంటుంది. ఎగరడం కంటే పొదల మధ్య పరుగెత్తడమే దానికి ఇష్టం, అందుకే కంటికి దొరకడం చాలా కష్టం. తెల్లవారక ముందు మాత్రం పాట వినిపిస్తుంది. ఖాళీ అనుకున్న నేలని దున్నేసి పొలాలు చేస్తుంటే, దానికి బతకడానికి చోటు తగ్గిపోతోంది.

ఇంకొకటి. దగ్గర్లోనే అల్మొనాసిద్ దె లా కూబా అనే ఊళ్ళో రోమన్లు కట్టిన ఆనకట్ట ఉంది. క్రీస్తుశకం మొదటి శతాబ్దం నాటిది. ఎత్తు సుమారు 34 మీటర్లు, అంటే పదంతస్తుల అపార్ట్‌మెంట్ అంత! ఆ నది పేరు ఆగువాస్‌వివాస్, ‘జీవజలాలు’ అని అర్థం. ఈ ఆనకట్ట బెల్చీతే వైపు పొలాలకి నీళ్ళు ఇచ్చేది. తర్వాత వెనకాల చెరువంతా పూడికతో నిండిపోయింది. గోడ మాత్రం అలాగే నిలబడి ఉంది. అంటే ఈ ఎండిన నేలలో ఊరు ఊరికే పుట్టలేదు. నీళ్ళు ఉన్నాయి కాబట్టి ఆలివ్ తోటలు వచ్చాయి, తోటలు ఉన్నాయి కాబట్టి జనం నిలిచారు. నీళ్ళ మాట గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 1936కి వెళ్దాం. ఆ జూలైలో స్పెయిన్‌లో ఎన్నికైన రిపబ్లిక్ ప్రభుత్వం మీద సైనిక జనరల్స్ తిరుగుబాటు చేశారు. కొన్ని నెలల్లో వాళ్ళకి నాయకుడైనవాడు ఫ్రాంకో. బెల్చీతే మొదట్లోనే తిరుగుబాటుదారుల చేతికి వెళ్ళింది. వామపక్షం వాళ్ళు అనే అనుమానంతో ఊరి మనుషులని పట్టుకెళ్ళి కాల్చి చంపారు. అసలు యుద్ధం ఊళ్ళోకి రాకముందే జరిగిన విషయం ఇది. చాలా వీడియోల్లో ఈ పార్ట్ ఉండదు.

ఏడాది తర్వాత, 1937 ఆగస్టు 24న, రిపబ్లిక్ సైన్యం జరగోజాని పట్టుకోవాలని అరగోన్‌లో దాడి మొదలుపెట్టింది. దారిలో బెల్చీతే అడ్డం వచ్చింది. ఊరిని చుట్టుముట్టి నీళ్ళు ఆపేశారు. ఆగస్టు ఎండ, వాన లేని నేల, లోపల సైనికులతో పాటు మామూలు జనం, తాగడానికి చుక్క నీరు లేదు. ఇందాక నీళ్ళ మాట గుర్తుపెట్టుకోమన్నది ఇందుకే. రోమన్ల కాలం నుంచి ఊరిని బతికించింది ఏదో, దాన్నే ఆయుధం చేశారు.

తర్వాత ఇంటింటికీ పోరు. వీధిలోకి వస్తే పైనుంచి కాల్చేస్తున్నారు కాబట్టి, ఒక ఇంటి గోడకి కన్నం పెట్టి పక్కింట్లోకి, అక్కడి నుంచి ఇంకో ఇంట్లోకి వెళ్ళేవారు. రిపబ్లిక్ తరఫున వేరే దేశాల నుంచి వచ్చిన వాలంటీర్లు, ఇంటర్నేషనల్ బ్రిగేడ్స్ వాళ్ళు కూడా ఇక్కడ పోరాడారు, వాళ్ళలో అమెరికన్లు ఉన్నారు. సెప్టెంబర్ మొదటి వారంలో ఊరు రిపబ్లిక్ చేతికి వచ్చింది. జరగోజా మాత్రం రాలేదు. 1938 మార్చిలో ఫ్రాంకో సైన్యం మళ్ళీ దాడి చేసి బెల్చీతేని తీసుకుంది. అంటే ఒకే ఊరి మీద రెండు సార్లు, రెండు వైపుల నుంచీ ఫిరంగులు పేలాయి. ఇది క్లియర్‌గా గుర్తుంచుకోండి.

(అదే 1938 జూన్‌లో నెహ్రూ గారు రిపబ్లిక్ చేతిలో ఉన్న బార్సిలోనాకి వెళ్ళి యుద్ధాన్ని దగ్గర నుంచి చూసొచ్చారు. ఆ కథ ఇంకోసారి.)

1939లో ఫ్రాంకో గెలిచాడు. ఇప్పుడు అసలు పాయింట్. మామూలుగా యుద్ధం అయ్యాక కూలిన ఇళ్ళు బాగు చేసుకుంటారు కదా? ఇక్కడ అలా చేయనివ్వలేదు. పాత ఊరిని అలాగే వదిలేసి, పక్కనే కొత్త ఊరు కట్టాలని నిర్ణయించారు. ఎందుకంటే ఫ్రాంకోకి ఆ శిథిలాలు కావాలి. ‘చూడండి, ఎర్రవాళ్ళు ఏం చేశారో’ అని చూపించడానికి ఒక పెద్ద ఎగ్జిబిట్. పక్కన కొత్త ఊరేమో ‘చూడండి, నేను ఏం ఇచ్చానో’ అనడానికి. బిఫోర్, ఆఫ్టర్ ఫోటోలు పక్కపక్కన పెట్టినట్టు!

ఆ ‘ఆఫ్టర్’ ఎవరు కట్టారు? ఓడిపోయిన వైపు ఖైదీలు. వందల మందిని క్యాంపులో పెట్టి పని చేయించారు. 1954లో ఫ్రాంకో స్వయంగా వచ్చి కొత్త ఊరిని ప్రారంభించాడు. ఈలోపు తిరిగొచ్చిన రిపబ్లికన్ కుటుంబాలు ఊరి బయట ఉన్న పేటలో తలదాచుకున్నాయి. ఆ పేటకి జనం పెట్టిన పేరు ‘రష్యా’.

మరి పాత ఊళ్ళో జనం ఎప్పటిదాకా ఉన్నారు? 1937 అనుకుంటాం. కాదు. చివరి కుటుంబాలు ఖాళీ చేసింది 1964లో. పాతికేళ్ళకి పైగా ఆ ‘శిథిలం’లో పొయ్యిలు వెలిగాయి, పిల్లలు పుట్టారు, బట్టలు ఆరేశారు. వాళ్ళు వెళ్ళాక దూలాలు, పెంకులు, తలుపులు, ఇనుము ఎవరికి దొరికింది వాళ్ళు పట్టుకెళ్ళారు. పైకప్పు పోయిన మట్టి గోడ ఎన్ని వానలకి ఆగుతుంది? ఇప్పుడు మనం చూసే డ్యామేజ్‌లో చాలా భాగం ఫిరంగులది కాదు, పట్టించుకోకపోవడానిది. మా సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే, అందరూ చివరి స్క్రీన్‌షాట్ చూసి ఒకే క్రాష్ అనుకుంటారు. హిస్టరీ ఓపెన్ చేస్తే మార్పులు 1936 నుంచి దశాబ్దాల పాటు కనిపిస్తాయి.

ఫ్రాన్స్‌లో ఒరడూర్ సుర్ గ్లాన్ అనే ఊరు ఉంది. 1944 జూన్ 10న నాజీ సైనికులు అక్కడి జనాన్ని చంపేశారు, ఆ ఊరిని కూడా అలాగే ఉంచారు. కానీ అక్కడ ఎవరు ఎవరిని చంపారు అన్నదాంట్లో డౌట్ లేదు. బెల్చీతేలో సబ్‌టైటిల్స్ రాసింది గెలిచిన వాడు, అది కూడా తన భాగం కట్ చేసి.

ఇప్పుడు మీరు వెళ్తే ఏం చూస్తారు? 2013 నుంచి చుట్టూ కంచె ఉంది, గైడ్‌తోనే లోపలికి పంపుతారు. ఆర్కో దె లా విల్లా అనే పాత దర్వాజా గుండా వెళ్తారు. శాన్ మార్టిన్ చర్చి, ఒంటరిగా మిగిలిన గడియారం టవర్ కనిపిస్తాయి. శాన్ అగుస్టిన్ చర్చి టవర్‌లో పేలని ఫిరంగి గుండు ఇప్పటికీ ఇరుక్కుని ఉంటుంది. ఇంకొక చోట ఆలివ్ నూనె గానుగ. ముట్టడి రోజుల్లో శవాలని పూడ్చే వీల్లేక అందులో వేశారు. తర్వాత దాన్ని స్మారకం చేశారు.

కానీ టూర్ అయ్యాక శ్మశానం వైపు కూడా వెళ్ళండి. 1936లో కాల్చి చంపిన వాళ్ళని అక్కడ గుంటల్లో పడేశారు. వాళ్ళకి దశాబ్దాల పాటు స్మారకం లేదు, పేరు కూడా లేదు. ఈమధ్య సంవత్సరాల్లోనే తవ్వి ఎముకలు బయటికి తీశారు. గానుగ దగ్గర మాత్రమే తల వంచి వచ్చేస్తే సగం ఊరికే నివాళి ఇచ్చినట్టు.

రాత్రిపూట టూర్లు కూడా ఉన్నాయి, దెయ్యాల గొంతులు రికార్డ్ చేశామనే వాళ్ళూ ఉన్నారు. వ్యూస్ బాగా వస్తాయి, కాదనను. కానీ చనిపోయిన వాళ్ళకి పేర్లు వెతకడం కంటే వాళ్ళని దెయ్యాలు చేయడం ఈజీ కదా.

మనకి ఇందులో ఏం పని అంటారేమో. ప్రమాదంలో ఉన్న కట్టడాల జాబితాగా చెప్పుకునే వరల్డ్ మాన్యుమెంట్స్ వాచ్ 2025 లిస్టులో బెల్చీతే ఉంది. అదే లిస్టులో హైదరాబాద్ మూసీ ఒడ్డున ఉన్న చారిత్రక భవనాలు కూడా ఉన్నాయి. అంటే ఈ ప్రశ్న మన సిటీ మధ్యలోనే ఉంది. ఒక పాత కట్టడం పాడైపోతుంటే ‘కాలం అలా చేసింది’ అనేస్తాం. కాలానికి చేతులు ఉండవండీ. ఎవరో వదిలేశారు, ఎవరో పట్టుకెళ్ళారు, ఎవరికో అది అలా ఉంటేనే లాభం.

వెళ్ళగలిగితే ఇలా ప్లాన్ చేసుకోండి: తెల్లవారుజామున ఆ పొదల నేల, తర్వాత రోమన్ ఆనకట్ట, మధ్యాహ్నం పాత ఊరు, చివర్లో కొత్త ఊరు, శ్మశానం. కొత్త ఊళ్ళో కాఫీ తాగేటప్పుడు, ఆ గోడలు కట్టిన చేతులు ఎవరివో ఒకసారి అనుకోండి.

మీ ఊళ్ళో ఇలా ‘కాలం పాడుచేసింది’ అని చెప్పే కోట, బావి, గుడి ఏదైనా ఉంటే, దాన్ని చివరిసారి వాడింది ఎవరో, ఎప్పుడు వదిలేశారో ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి కింద రాయండి. మంచివి తీసుకుని ఒక ఎపిసోడ్ చేద్దాం. ఉంటానండీ.