తోట, ఎడారి, మధ్యలో ఓ బస్సు

కాన్ఫరెన్సులకి వెళ్ళే మనవాళ్ళందరికీ అనుభవమే ఇది. మూడు రోజుల పాటు స్లైడ్లు, ఏసీ హాల్లో వణుకు, మెళ్ళో బ్యాడ్జి, సంచీ నిండా ఎవరికీ అక్కర్లేని టీషర్టులు. నాలుగో రోజు నిర్వాహకులకి మనమీద జాలేసి ఓ టూరు పెడతారు. రెండేళ్ళ క్రితం ఫిబ్రవరిలో కాలిఫోర్నియాలోని పామ్‌స్ప్రింగ్స్‌లో నాకు తగిలిన టూరు పేరు 'తోటలు - ఎడారి'. పొద్దున తోట, మధ్యాహ్నం ఎడారి, లంచ్ ప్యాకెట్ వాళ్ళదే, సాయంత్రం ఏడింటికల్లా హోటల్ దగ్గర దింపేస్తారు.

మా టీములో ఓ అనంతపురం పెద్దాయన ఉన్నారు. పేరు నమోదు చేస్తానంటే నన్ను ఎగాదిగా చూశారు.

"ఏమప్పా, ఎండ సూసేకి దుడ్లు కట్టల్లా? మా ఊరికి రా, ఊరికే సూపిస్తా."

నేనే బతిమాలి బస్సెక్కించాను. ఆ బస్సులో గైడు చెప్పిన కథ సగమే. మిగతా సగం హోటల్‌కి వచ్చాక, ఇంటికి వచ్చాక, ఆ తర్వాత చాలా రాత్రులు కూర్చుని చదువుకున్నాను. ఈ రాత దానికోసమే.

మొదటి మజిలీ మూర్టెన్ బొటానికల్ గార్డెన్. ఎకరం స్థలం, అంతే. మన లెక్కలో ఓ పెళ్ళి మండపమంత. 1938లో చెస్టర్ మూర్టెన్ అనే ఆయన, భార్య పాట్రీషియాతో కలిసి మొదలుపెట్టాడు. మూకీల కాలంలో కామెడీ సినిమాల్లో చిన్న చిన్న వేషాలేసినవాడు. జనం 'కాక్టస్ స్లిమ్' అని పిలిచేవారు. డిస్నీలాండ్ కడుతున్నప్పుడు వాల్ట్ డిస్నీ ఎడారి మొక్కల కోసం వీళ్ళనే సంప్రదించాడట. తోట ముద్దుగా ఉంది. ప్రతి మొక్క ముందూ పేరు రాసిన చెక్క, ఫోటో తీసుకోవడానికి వీలుగా దారి, చివర్లో కొనుక్కోవడానికి చిన్న కుండీలు. నేనూ ఓ కుండీ కొన్నాను. నర్సరీలో పెంచినదే లెండి. ఆ మాట ఎందుకు నొక్కి చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

అక్కణ్ణుంచి బస్సు ఉత్తరానికి తిరిగింది. గాలిమరలు దాటుతుంటే గైడు కిటికీలోంచి చూపించి, "ఇక్కడే ఒకప్పుడు డెవిల్స్ గార్డెన్ ఉండేది" అన్నాడు. అందరూ చూశాం. ఏమీ లేదు. ఇసుక, రాళ్ళు, అక్కడక్కడా తుప్పలు.

ఇంతకీ ఆ 'దెయ్యం తోట' ఏమైంది? ఇరవయ్యో శతాబ్దం మొదట్లో అక్కడ కాక్టస్‌లూ యక్కాలూ అడవిలా ఉండేవట. ఎవరూ నాటినవి కావు. 1920లలో లాస్ ఏంజెలెస్ జనానికి కార్లొచ్చాయి, ఎడారికి రోడ్లొచ్చాయి, బంగళాల్లో ఎడారి తోట పెంచుకోవడం ఫ్యాషనైంది. ఇంకేముంది! ఆదివారం కారేసుకుని రావడం, మొక్కని వేళ్ళతో సహా పెకలించడం, వెనక సీట్లో పడేసుకుని పోవడం. వ్యాపారులైతే లారీలే తెచ్చారు. రాత్రిపూట దారి కనబడటానికి జాషువా చెట్లకి నిప్పంటించిన మహానుభావులు కూడా ఉన్నారు. 1930 నాటికి ఆ తోట దాదాపు ఊడ్చుకుపోయింది. అంటే, ఊళ్ళో తోటలు పెరిగిన కొద్దీ ఎడారి ఖాళీ అయింది. పొద్దున చూసిన తోట, మధ్యాహ్నం చూడబోయే ఎడారి ఒకే టికెట్టు మీద పక్కపక్కన ఉన్నాయి గానీ, చరిత్రలో అవి చాలాకాలం ఒకదాన్ని ఒకటి తిన్నాయి.

ఇక్కడే మినర్వా హామిల్టన్ హోయిట్ అనే ఆవిడ కథలోకి వస్తుంది. 1866లో మిసిసిపిలో, కలవారి ప్లాంటేషన్ ఇంట్లో పుట్టింది. డాక్టర్‌ని పెళ్ళాడి లాస్ ఏంజెలెస్ పక్కన సౌత్ పాసడీనాకి వచ్చింది. విందులు, సంగీత సభలు, గార్డెన్ క్లబ్బులు. అంటే ఎడారిని ఊడ్చేస్తున్న ఆ వర్గం మనిషే. ఆవిడ తోటలోనూ ఎడారి మొక్కలుండేవి. పసికొడుకునీ, 1918లో భర్తనీ పోగొట్టుకున్నాక మనసు నిలవక తరచూ ఎడారికి పోయి ఆరుబయట రాత్రులు గడిపేది. అక్కడ దొరికిన నెమ్మది కళ్ళముందే లారీలకెక్కి పోతుంటే ఊరుకోలేకపోయింది.

ఆవిడ చేసిన మొదటి పని నాకు బాగా నచ్చింది. ధర్నా కాదు, పిటిషను కాదు. డెమో పెట్టింది! 1928లో న్యూయార్క్ పూల ప్రదర్శనకి ఎడారి రాళ్ళనీ మొక్కలనీ రైల్లో వేయించి పట్టుకెళ్ళి, హాల్లో ఓ ఎడారిని నిలబెట్టింది. తర్వాత 1929లో బోస్టన్‌లో, లండన్‌లో. జన్మలో ఎడారి మొహం చూడని జనం వరసల్లో నిలబడి చూశారు. అప్పటిదాకా ఎడారి అంటే రైలు కిటికీ తెర దించేసుకునే చోటు. అది అందంగా ఉంటుందని ముందు నమ్మిస్తేనే కాపాడమని అడగొచ్చని ఆవిడ లెక్క. 1930లో అంతర్జాతీయ ఎడారుల పరిరక్షణ సంఘం పెట్టింది. మెక్సికో దాకా వెళ్తే అక్కడి అధ్యక్షుడు ఓర్టిజ్ రూబియో ఆవిణ్ణి 'కాక్టస్‌ల అపోస్తలురాలు' అన్నాడు.

తర్వాతి పని ఇంకా గట్టిది. 1933లో ఎడారి ప్రాంతాన్ని రాష్ట్ర పార్కు చేసే బిల్లు గవర్నరు బల్ల మీదికొస్తే, ఆవిడే వద్దని చెప్పి వీటో చేయించింది. రాష్ట్రం చాలదు, కేంద్రమే చూసుకోవాలని ఆవిడ పట్టు. చేతికొచ్చిన చిన్న రిలీజుని ఆపేసి పెద్దదాని కోసం కూర్చోవడం మనలో ఎంతమందికి ధైర్యం? నాకైతే లేదు. ఆ గవర్నరు దగ్గరే పరిచయపత్రం రాయించుకుని రూజ్‌వెల్ట్ ప్రభుత్వం తలుపు తట్టింది. జీవశాస్త్రజ్ఞుల చేత నివేదికలు రాయించింది, స్టీఫెన్ విలర్డ్ అనే ఫోటోగ్రాఫరు చేత ఆల్బములు తయారు చేయించింది. 1934లో పార్కుల శాఖ తరఫున చూడటానికొచ్చిన రోజర్ టోల్‌కి ఈ ఎడారి పెద్దగా ఆనలేదు. ఆవిడ అడిగింది పది లక్షల ఎకరాల పైమాట, ఆయన సిఫార్సు చేసింది 1,38,000. ఆవిడ ఊరుకోలేదు. నేరుగా మంత్రి హెరాల్డ్ ఇకిస్ దగ్గరికి పోయింది. చివరికి 1936 ఆగస్టు 10న రూజ్‌వెల్ట్ సంతకంతో జాషువా ట్రీ నేషనల్ మాన్యుమెంట్ ఏర్పడింది. విస్తీర్ణం సుమారు 8,25,000 ఎకరాలు.

శుభం కార్డు వేసేద్దామా? అప్పుడే కాదు. ఆవిడ 1945లో పోయింది. 1950లో గనుల వాళ్ళ ఒత్తిడికి దాదాపు మూడో వంతు కోసేశారు. పోయినదాంట్లో చాలా భాగం 1994లో, అది నేషనల్ పార్క్ అయినప్పుడు గానీ తిరిగి రాలేదు. ఒకసారి కాపాడితే చాలు అనుకుంటాం గానీ, ఇదీ మెయింటెనెన్స్ పనే. 2018 డిసెంబరు నుంచి 2019 జనవరి దాకా అమెరికా ప్రభుత్వం షట్‌డౌన్ అయినప్పుడు ఇదే పార్కులో వాహనాలు చెట్ల మధ్యకి తోలేశారు. 2020 ఆగస్టులో అక్కడికి ఈశాన్యాన మొహావీ ప్రిజర్వ్‌లో రేగిన మంటల్లో సుమారు 13 లక్షల జాషువా చెట్లు కాలిపోయాయని అంచనా. 2023లో కాలిఫోర్నియా ఈ చెట్టు కోసం ఏకంగా ఓ చట్టమే చేసుకుంది.

బస్సు కీస్ వ్యూ అనే ఎత్తైన చోట ఆగింది. కింద లోయంతా కనిపిస్తుంది. సాన్ ఆండ్రియాస్ భూభ్రంశం గీత, దూరంగా సాల్టన్ సరస్సు, మధ్యలో పచ్చపచ్చటి మచ్చలు. ఆ మచ్చలు గోల్ఫ్ మైదానాలు. ఆ ఎడారి లోయలో వందకు పైగా ఉన్నాయి! అందరం ఫోటోలు తీసుకున్నాం. పెద్దాయన మాత్రం ఒకే ప్రశ్న వేశారు: "నీళ్ళు యాడివప్పా?"

గైడు నవ్వి ఊరుకున్నాడు. జవాబులో ఒక ముక్క నేను తర్వాత చదివాను. భూగర్భ జలాల మీద తమకు హక్కుందని అక్కడి ఆగ్వా కాలియెంటే కవీయా తెగవాళ్ళు 2013లో నీటి సంస్థల మీద కేసు వేశారు. 2017లో అప్పీలు కోర్టు ఆ హక్కు ఉందని ఒప్పుకుంది, సుప్రీంకోర్టు జోక్యం చేసుకోలేదు.

ఆ చదవడంలోనే ఇంకో సంగతి తగిలింది. నన్ను ఎక్కువ కుదిపింది అదే.

పామ్‌స్ప్రింగ్స్ నేలంతా చదరంగం బల్లలా ఉంటుంది. చదరపు మైలు చొప్పున గళ్ళు గీసి, బేసి గళ్ళు రైల్వే కంపెనీకి, సరి గళ్ళు 1870లలో ఆ తెగకి ఇచ్చారు. ఊరి నడిబొడ్డున పడ్డ గడి 14వ నంబరు. తెగ భూముల్ని ఎక్కువ కాలానికి లీజుకివ్వడానికి చట్టం ఒప్పుకునేది కాదు. అందుకని అక్కడ చిన్న చిన్న ఇళ్ళే లేచాయి. హోటళ్ళు కట్టిన మేస్త్రీలు, వాటిలో పనిచేసే నల్లజాతివాళ్ళు, మెక్సికన్ కుటుంబాలు ఉండేవారు. ఊళ్ళో మిగతాచోట్ల వాళ్ళకి ఇల్లు దొరికేది కాదు మరి. 1959లో 99 ఏళ్ళ లీజులకి అనుమతి వచ్చింది. నేల విలువ పెరిగింది. 1960లలో నగరం ఆ ఇళ్ళని కూలగొట్టించి, తగలబెట్టించింది. కొందరికి ముందుగా చెప్పనైనా లేదు. 1968లో రాష్ట్ర అటార్నీ జనరల్ కార్యాలయం నివేదిక నగరాన్ని చాలా కటువైన మాటలతో తప్పుపట్టింది. నగరపాలక మండలి క్షమాపణ చెప్పింది మాత్రం 2021లో. పరిహారంగా 59 లక్షల డాలర్లకు ఒప్పుకున్నది 2024లో.

అన్నట్టు, పామ్‌స్ప్రింగ్స్ కన్వెన్షన్ సెంటరు ఉన్నది ఆ 14వ గడిలోనే. నేను మూడు రోజులు బ్యాడ్జి వేసుకుని తిరిగిన హాలు, మా టూరు బస్సు బయల్దేరిన గుమ్మం, రెండూ అక్కడే. గైడు తప్పని అనను. అతనికిచ్చిన స్క్రిప్టులో తోట ఉంది, ఎడారి ఉంది, బయల్దేరే చోటు లేదు. డెమో అంటేనే అది కదా. పనిచేసే స్క్రీన్లు చూపిస్తాం, మిగతావి క్లిక్ చేయం. హోయిట్ డెమోలోనూ ఈ లోపం ఉందనే నాకనిపిస్తుంది. ఆవిడ చూపించిన ఎడారిలో రాళ్ళూ మొక్కలూ ఉన్నాయి. వేల ఏళ్ళుగా అక్కడ బతికిన కవీయా, సెరానో జనానికి అందులో చోటున్నట్టు నేను చదివినవాటిలో కనబడలేదు. అయినా ఆ డెమో లేకపోతే ఇవాళ ఆ చెట్లు లేవు. రెండూ నిజమే. ఒకటి చెప్పి రెండోది దాస్తే చరిత్ర కాదు, బ్రోషరవుతుంది.

చివరి మజిలీ చోయా కాక్టస్ గార్డెన్. పేరులో తోట ఉంది గానీ ఎవరూ నాటలేదు. పొద్దువాలే వేళకి ఆ ముళ్ళన్నీ వెలుగుతున్నట్టుంటాయి. పెద్దాయన చాలాసేపు మాట్లాడకుండా నిలబడ్డారు. మన చేలగట్ల మీది నాగజెముడు కూడా ఇదే కుటుంబం, అమెరికా నుంచే ఓడల్లో మనదాకా వచ్చిందని చెప్పాను. ఆయన అది విన్నట్టు లేదు.

"మా ఊర్లో ఒక గుట్ట ఉండె. సిన్నప్పుడు మేమంతా ఆడనే ఆడుకుంటా ఉంటిమి. కంకర కోసం మొత్తం కొట్టేసినారు. దాన్ని సూసేకి ఎవరూ బస్సు పెట్టల్యా. పెట్టింటే ఉండునేమో."

నాకు జవాబు దొరకలేదు. ఎందుకంటే నాకు గుర్తొచ్చింది హైదరాబాదు. 250 కోట్ల ఏళ్ళ నాటి రాళ్ళవి. 1998లో సైబర్ టవర్స్ తెరిచాక మనం కూర్చుని కోడ్ రాసిన క్యాంటీన్లూ పార్కింగులూ చాలావరకు ఆ రాళ్ళని పేల్చి చదును చేసిన నేల మీదే లేచాయి. మధ్యాహ్నం పేలుడుకి అద్దాలు అదిరితే విసుక్కున్నాం గానీ, ఏం పేలుతోందని నేనెప్పుడూ అడగలేదు. అడిగినవాళ్ళు ఉన్నారు. సొసైటీ టు సేవ్ రాక్స్ అనే సంస్థ 1996లోనే పుట్టింది. జనాన్ని వెంటబెట్టుకుని రాళ్ళ మధ్య నడిపించి చూపిస్తుంది. అంటే అదే టూరు! వాళ్ళ పోరాటం వల్లే కొన్ని రాతిగుట్టలు వారసత్వ జాబితాకెక్కాయి. 2025 మార్చి నెలాఖర్లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ పక్కన కంచ గచ్చిబౌలిలో బుల్‌డోజర్లు దిగితే గొడవ చేసింది ఆ నేలని రోజూ చూసిన విద్యార్థులు. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు ఆపమంది. చూసినవాళ్ళే అడ్డుపడతారు. చూడనివాళ్ళకి అది ఖాళీ జాగా.

అందుకని, ఈసారి కాన్ఫరెన్సులో టూరు పెడితే హోటల్లో పడుకోకండి. వెళ్ళండి. గైడు చెప్పింది వినండి, చెప్పనిది ఇంటికొచ్చి వెతుక్కోండి. అలాగే ఈసారి హైదరాబాదు వెళ్ళినప్పుడు ఓ ఆదివారం మాల్‌కి బదులు పిల్లల్ని ఆ రాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. నేను ఒకసారి తీసుకెళ్ళాను. మావాడు మొదటి పది నిమిషాలూ విసుక్కున్నాడు, తర్వాత దిగి రానన్నాడు.

ఆ కుండీలో మొక్క బానే ఉంది. నెలకోసారి నీళ్ళు పోస్తున్నాను. పెద్దాయన ఇంటికొచ్చినప్పుడల్లా దానివంక చూసి, "ఎంత పెట్టి కొంటివప్పా దీన్ని?" అంటారు. ఇంతవరకు నిజం ధర చెప్పలేదు.