చావు కబురు చెప్పే చదువు

విజయవాడ పక్కన ఇబ్రహీంపట్నం దగ్గర 30వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే మైలవరం దాటి తిరువూరు వస్తుంది. ఇంకాస్త ముందుకు వెళ్తే తెలంగాణ. పత్తి, మిరప, మామిడి పండే ఆ మెట్ట ప్రాంతంలో ప్రభుత్వాసుపత్రికి రాత్రిపూట వచ్చేవి ఎక్కువగా తెలిసిన కేసులే: పాము కాటు, పురుగుమందు, రోడ్డు ప్రమాదం, పురిటినొప్పులు. చేయి దాటిన కేసును విజయవాడకు రిఫర్ చేస్తారు. కొందరు దారిలో పోతారు, కొందరు క్యాజువాలిటీ బల్ల మీదే పోతారు. అప్పుడు డ్యూటీ డాక్టరు బయటికి వచ్చి ఇంటివాళ్ళకు ఆ మాట చెప్పాలి. చెప్పి లోపలికి వెళ్తే ఇంకో కేసు సిద్ధంగా ఉంటుంది.

పోయినవాళ్ళ బంధువులకు ఏడవడానికి ఒక పద్ధతుంది. పాడె, చిన్నదినం, పెద్దకర్మ, మైల, సంవత్సరీకం అంటూ దుఃఖానికి ఊరు ఒక క్యాలెండర్ వేసి పెట్టింది. ఆ మనిషిని బతికించబోయి ఓడిపోయిన డాక్టరుకు, నర్సుకు, అటెండరుకు అలాంటిదేమీ లేదు. వైద్యులు మరణాన్ని ఎలా తట్టుకోవాలన్న ప్రశ్నకు తెలుగు నేల మీద ఒక్కో కాలం ఒక్కో జవాబు ఇచ్చింది. ఆ జవాబులు ఎప్పుడూ ముందుగా పెద్ద చదువుల వాళ్ళకే అందాయి. చావుకు అందరికంటే దగ్గరగా నిలబడేవాళ్ళ దాకా వచ్చేసరికి తరాలు గడిచాయి.

మన వైపు ఆసుపత్రుల చరిత్ర పాతదే. అమరావతి ప్రాంతంలో దొరికిన 1261 నాటి మల్కాపురం శాసనం కాకతి రుద్రమదేవి కాలపు గోళకీ మఠాన్ని ప్రస్తావిస్తూ అక్కడి ప్రసూతిశాల, ఆరోగ్యశాల గురించి చెబుతుంది. అప్పటి వైద్యులకు మరణం గురించి దారి చూపింది సంస్కృత గ్రంథాలు. చరక సంహితలో ఇంద్రియస్థానం అనే పన్నెండు అధ్యాయాల భాగం పూర్తిగా చావు సూచనల గురించే. రోగి రంగు, గొంతు, వాసన, కలలు, ఆఖరికి వైద్యుణ్ణి పిలవడానికి వచ్చిన మనిషి వాలకం కూడా అందులో లెక్కకు వస్తాయి. అదే గ్రంథం వైద్యుడి నడతను నాలుగు రకాలుగా చెప్పింది: అందరితో మైత్రి, బాధపడేవారి మీద కరుణ, నయమయ్యే రోగి పట్ల ఉత్సాహం, మరణం వైపు సాగుతున్నవారి విషయంలో ఉపేక్ష. శిష్యుడు చేసే ప్రతిజ్ఞలో ఇంకో నియమం ఉంది. రోగికి ఆయుష్షు తీరిందని తెలిసినా, ఆ మాట అతనికో అయినవాళ్ళకో దెబ్బగా తగిలేచోట బయటపెట్టకూడదు.

అంటే అప్పటి వైద్యుడికి దొరికిన రక్షణ దూరంగా జరగడం, నోరు కట్టుకోవడం. మందులు తక్కువ, మరణాలు ఎక్కువ అయిన కాలంలో అది రాతిగుండె లక్షణమేమీ కాదు. పొద్దున్నే లేచి మళ్ళీ ఇంకో రోగి ఇంటికి వెళ్ళాలంటే ఏదో ఒక గీత గీసుకోవాల్సిందే.

పాశ్చాత్య వైద్యవిద్య ఆ గీతను ఇంకోచోట గీసింది. 1836లో కలకత్తా వైద్య కళాశాలలో మధుసూదన్ గుప్తా శవాన్ని కోసి చూశారు. శవాన్ని ఏడు రోజులు నీటిలో నానబెట్టి అవయవాలు పరిశీలించే పద్ధతి సుశ్రుతుడి గ్రంథంలో ఉన్నా, ఆ ఆచరణ ఎప్పుడో అడుగంటింది. శవాన్ని తాకితే మైల అనుకునే ఇళ్ళ పిల్లలు ఇప్పుడు దాని చుట్టూ నిలబడి పాఠం నేర్చుకోవాల్సి వచ్చింది. 1846లో హైదరాబాద్‌లో వైద్య పాఠశాల మొదలైంది. తర్వాతి రోజుల్లో దాన్ని నడిపిన ఎడ్వర్డ్ లారీ క్లోరోఫాం మత్తులో సంభవించే మరణాల మీద పట్టుదలగా పనిచేశారు. నిజాం డబ్బుతో 1888, 1889లలో రెండు క్లోరోఫాం కమిషన్లు కూర్చున్నాయి. జంతువుల మీద వందల ప్రయోగాలు చేసి, ముందు ఆగేది శ్వాసేనని, గుండె కాదని తేల్చాయి. క్లోరోఫాం గుండెనే నేరుగా దెబ్బతీయగలదని తర్వాతి పరిశోధనలు చూపించాయి. తీర్పు నిలవకపోయినా అడిగే తీరు నిలిచింది. ఆపరేషన్ బల్ల మీద మనిషి పోతే ‘రాత’ అని సరిపెట్టుకోకుండా ఏ అవయవం ముందు ఆగిందో వెతకడం అలవాటైంది. కారణం దొరికితే దుఃఖానికి ఒక పట్టుగొమ్మ దొరికినట్టే.

ఆ దారిని చివరిదాకా నడిచిన తెలుగువాడు యల్లాప్రగడ సుబ్బారావు. 1895లో భీమవరంలో పుట్టిన ఆయన మద్రాసులో వైద్యం చదివారు. అన్నదమ్ములు ఇద్దరు కొద్ది రోజుల తేడాలో స్ప్రూ అనే పేగుల వ్యాధితో చనిపోయారు. చదువుకున్న వైద్యం ఆ రోజు పనికి రాలేదు. అమెరికా వెళ్ళిన సుబ్బారావు తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో నడిపించిన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా తయారుచేసింది. స్ప్రూ రోగుల చికిత్సలో అది పనిచేసింది. ఫోలిక్ ఆమ్లానికి విరుగుడుగా పుట్టిన అమినోప్టెరిన్‌తోనే సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా వెనక్కి నెట్టగలిగారు. సుబ్బారావు అదే ఏడాది ఆగస్టులో కన్నుమూశారు. ఇంటి చావును పరిశోధనగా మార్చుకోగలిగినవాళ్ళు ఏ తరంలోనైనా కొద్దిమందే. మిగతావాళ్ళకు వార్డు ఉంది, మర్నాడు డ్యూటీ ఉంది.

1923లో విశాఖపట్నంలో వైద్య కళాశాల, 1946లో గుంటూరులో ఇంకొకటి వచ్చాయి. 1980లో విజయవాడలో మొదలైన సిద్ధార్థ వైద్య కళాశాల ఇప్పుడు తిరువూరు వైపు జనానికి అందుబాటులో ఉన్న పెద్దాసుపత్రికి ఆధారం. ఈ కళాశాలలన్నిటికీ వారసత్వంగా వచ్చిన పాఠం ఒకటుంది. విలియం ఆస్లర్ 1889లో ఫిలడెల్ఫియాలో వైద్య పట్టభద్రులకు బోధించిన నిబ్బరం అది: ముఖంలో రంగు మారకూడదు, చేయి వణకకూడదు. 1963లో హెరాల్డ్ లీఫ్, రెనీ ఫాక్స్ దాన్ని పరిశీలించి, వైద్యవిద్యార్థి శవాన్ని కోసే గదిలోనూ పోస్టుమార్టం బల్ల దగ్గరా మెల్లమెల్లగా ఎడం పాటిస్తూనే శ్రద్ధ చూపడం అలవరచుకుంటాడని రాశారు. మన హాస్టళ్ళలో ఆ శిక్షణ సీనియర్ల చేతిలో జరిగింది. మొదటి వారం అన్నం సహించని కుర్రాణ్ణి ఆటపట్టించారు. శవానికి ముద్దుపేరు పెట్టారు. హౌస్ సర్జన్ అయ్యాక మొదటి చావును ఎదుర్కొన్నవాడు ఆసుపత్రి గేటు బయట టీ కొట్టు దగ్గర నిలబడితే పక్కన ఇంకొకడు వచ్చి నిలబడ్డాడు. సిలబస్‌లో లేని పాఠం అక్కడ నడిచింది. కొమ్మూరి వేణుగోపాలరావు ‘హౌస్ సర్జన్’ నవల ఆ ప్రపంచాన్ని తెలుగు పాఠకుల ఇళ్ళలోకి తెచ్చింది.

నర్సుల కథ వేరు. గుంటూరుకు 1883లో వచ్చిన అమెరికన్ లూథరన్ వైద్యురాలు అన్నా కుగ్లర్ స్థాపించిన ఆసుపత్రి 1898లో తెరుచుకుంది. అలాంటి మిషన్ ఆసుపత్రుల్లో మంచం పక్కన ప్రార్థన ఉండేది, రోగి పోయాక దేహాన్ని శుభ్రం చేసి సాగనంపే క్రమం ఉండేది. ప్రభుత్వాసుపత్రుల్లో కడగడం, చుట్టడం, చీటీ కట్టడం మిగిలాయి. ప్రార్థన స్థానంలోకి మరొకటి ఏదీ రాలేదు.

1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచినప్పుడు తిరువూరూ దివిసీమా ఒకే కృష్ణా జిల్లా రెండు కొసలు. పదివేల మందికి పైగా చనిపోయిన ఆ విపత్తులో శవాలను వెతికి పూడ్చడమే రోజుల తరబడి పనయింది. ఆ పని చేసినవాళ్ళ మనసు గురించి అడగాలన్న ఆలోచన అప్పటికి దేశంలో ఎక్కడా వ్యవస్థగా లేదు. 1984 భోపాల్ విషవాయువు తర్వాతే బెంగళూరు నిమ్హాన్స్ నిపుణులు అక్కడి మామూలు డాక్టర్లకు బాధితుల మానసిక సమస్యలు గుర్తించడం నేర్పారు. అదీ బాధితుల కోసమే.

2005 తర్వాత చావుకు ముందు వరుసలో నిలబడేవాళ్ళు మారిపోయారు. ఆ ఏడాది ఆగస్టు 15న ఉమ్మడి రాష్ట్రంలో 108 అంబులెన్సులు మొదలయ్యాయి. అంతకుముందు ఇంట్లోనో ఎడ్లబండిలోనో పోయే ప్రాణం ఇప్పుడు ఒక యువ టెక్నీషియన్ చేతుల్లో, కదులుతున్న బండిలో పోతోంది. జాతీయ గ్రామీణ ఆరోగ్య మిషన్‌తో ఆశా కార్యకర్తలూ అప్పుడే వచ్చారు. 2010 నుంచి ప్రతి మాతృమరణాన్నీ సమీక్షించాలన్న నిబంధన అమలవుతోంది. ఊళ్ళో బాలింత చనిపోతే 24 గంటల్లో కబురు పంపేది ఆశా. తర్వాత ఏఎన్ఎం ఇతరులతో కలిసి ఆ ఇంటికే వెళ్ళి, ఎప్పుడు నొప్పులొచ్చాయి, బండి ఎంతసేపటికి వచ్చింది అని ఫారం నింపాలి. చనిపోయిన పిల్ల చాలాసార్లు ఆమె తొమ్మిది నెలలు వెంటపడి ఐరన్ మాత్రలు మింగించిన పిల్లే అయ్యుంటుంది. ఆ పిల్ల తల్లి ఎదుట కూర్చుని ప్రశ్నలు అడిగి, అదే వీధిలో ఇంకో గర్భిణి ఇంటికి వెళ్ళాలి.

ఈలోగా దుఃఖం మీదికి భయం వచ్చి కూర్చుంది. బంధువుల దాడులు పెరగడంతో ఆంధ్రప్రదేశ్ 2008లో వైద్య సిబ్బంది రక్షణకు చట్టం తెచ్చింది. ఇలాంటి చట్టం చేసిన తొలి రాష్ట్రాల్లో ఇదొకటి. మరణాన్ని డిక్లేర్ చేసే డాక్టరు ముందు గది తలుపు ఎటుందో, పోలీసు అవుట్‌పోస్టులో ఎవరున్నారో చూసుకునే పరిస్థితిలో ఆ చావు గురించి బాధపడే తీరిక ఎక్కడిది? చావు కబురు చల్లగా చెప్పాడని నిందించే ఇంటివాళ్ళకు ఆ చల్లదనంలో సగం భయమని తెలియదు.

తిరువూరు పక్కనే ఎ.కొండూరు తండాల్లో ఇంకో రకం మరణం ఉంది. శ్రీకాకుళం ఉద్దానంలాగే ఇక్కడా అంతుచిక్కని కిడ్నీ జబ్బు లంబాడా కుటుంబాలను ఏళ్ళుగా పీడిస్తోంది. డయాలసిస్ రోగి వారానికి రెండు మూడుసార్లు వస్తాడు, ఒక్కోసారి నాలుగేసి గంటలు ఉంటాడు. టెక్నీషియనుకు, నర్సుకు అతని పిల్లల పేర్లు తెలుసు, పొలం తాకట్టు సంగతి తెలుసు. ఒకరోజు ఆ మంచం మీద ఇంకొకరు ఉంటారు. క్యాజువాలిటీలో ముఖం తెలియని మనిషి పోవడానికీ దీనికీ పోలిక లేదు. ఎడం పాటించమనే పాత పాఠం ఇక్కడ ఎక్కదు.

కోవిడ్ ఈ ముడులన్నీ ఒకేసారి బిగించింది. ఇంటివాళ్ళు రాలేని గదుల్లో పీపీఈ తొడుక్కున్న నర్సులే వీడియో కాల్‌లో చివరి చూపులు చూపించారు. 2020 ఏప్రిల్‌లో నెల్లూరుకు చెందిన ఒక వైద్యుడు చెన్నైలో కోవిడ్‌తో చనిపోతే దహనానికి అంబత్తూరులో స్థానికులు అడ్డుపడ్డారు. అదే ఏప్రిల్‌లో కేంద్రం 1897 నాటి అంటువ్యాధుల చట్టాన్ని సవరించి సిబ్బంది మీద దాడులకు శిక్షలు పెంచింది. జులైలో పెద్దపల్లిలో డ్రైవరు ముందుకు రాకపోతే ఒక డాక్టరే ట్రాక్టరు నడిపి మృతదేహాన్ని శ్మశానానికి చేర్చారు. 2021 మే 10 రాత్రి తిరుపతి రుయా ఆసుపత్రిలో ఆక్సిజన్ సరఫరాకు అంతరాయం కలిగి 11 మంది చనిపోయారు. అలాంటి రాత్రి డ్యూటీలో ఉన్నవాళ్ళకు మర్నాడూ డ్యూటీ ఉంటుంది.

చదువులో మార్పు అప్పటికే మొదలైంది. 2019లో చేరిన ఎంబీబీఎస్ బ్యాచి నుంచి నడవడిక, నీతి, సంభాషణల మీద ‘ఎట్‌కామ్’ పాఠాలు తప్పనిసరయ్యాయి. మొదటి ఏడాదిలో శవమే తొలి గురువన్న పాఠం ఉంది, ఆఖరి దశలో మరణాన్ని ఎదుర్కోవడం మీద ఇంకో పాఠం ఉంది. ముద్దుపేర్లు పెట్టిన బల్ల ముందే ఇప్పుడు విద్యార్థులు గౌరవ ప్రతిజ్ఞ చేస్తున్నారు. ఆ బల్ల మీదికి వచ్చేవి అనాథ శవాలే కావు. 2024లో ప్రొఫెసర్ జి.ఎన్. సాయిబాబా దేహం హైదరాబాద్ గాంధీ వైద్య కళాశాలకు, సీపీఎం నేత సీతారాం ఏచూరి దేహం ఢిల్లీ ఎయిమ్స్‌కు చేరాయి. అదే ఏడాది జాతీయ వైద్య కమిషన్ టాస్క్‌ఫోర్స్ ఆన్‌లైన్ సర్వేలో జవాబిచ్చిన ఎంబీబీఎస్ విద్యార్థుల్లో 27.8 శాతం తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉందన్నారు. పీజీల్లో 31.2 శాతం మందికి ఆత్మహత్య ఆలోచనలు వచ్చాయి. తమంతట తాము జవాబిచ్చినవాళ్ళ లెక్క కాబట్టి అందరికీ వర్తించదు కానీ పక్కన పెట్టదగ్గదీ కాదు.

ఇంకో పాఠశాల ఉపశమన వైద్యం. 1967లో లండన్‌లో సిసిలీ సాండర్స్ తెరిచిన హాస్పిస్, 1993లో కాలికట్‌లో మొదలైన సంఘం చూపిన దారిలో హైదరాబాద్ ఎమ్మెన్జే క్యాన్సర్ ఆసుపత్రి ఉపశమన విభాగాన్ని నడుపుతోంది. అక్కడ నయం కాదని తెలిసిన రోగిని వదిలేయడం ఉండదు, ఆ రోగి మంచం పక్కన కూర్చోవడమే పని. చరకుడి నాలుగో నడతకు అది పూర్తిగా ఎదురు దిశ. పల్లె ఆరోగ్య కేంద్రాలు అందించాల్సిన పన్నెండు రకాల సేవల్లో వృద్ధుల సంరక్షణతోపాటు ఉపశమన వైద్యమూ చేరింది. కాబట్టి చనిపోబోతున్నవాళ్ళ ఇంటికి క్రమం తప్పక వెళ్ళే పని కూడా ఇప్పుడు ఏఎన్ఎం, ఆశాలదే.

పాఠం ఎంబీబీఎస్‌లో ఉంది, పని వీళ్ళ చేతిలో ఉంది. 2022లో మొదలైన టెలీమానస్ నంబరు 14416 ఎవరైనా ఎక్కడినుంచైనా చేయొచ్చు. అయితే డ్యూటీ దిగాక ఒంటరిగా ఫోన్ చేయడం వేరు, ఆ రాత్రి కలిసి పనిచేసినవాళ్ళతో మాట్లాడటం వేరు. అమెరికాలోని వర్జీనియాలో జొనాథన్ బార్టెల్స్ అనే అత్యవసర విభాగం నర్సు ప్రాణం పోయిన వెంటనే అందరూ ఒక్క నిమిషం ఆగే పద్ధతి మొదలుపెడితే అది చాలా ఆసుపత్రులకు పాకింది. తిరువూరు లాంటి చోట అంతకంటే సులువైన వీలుంది. మాతృమరణాల సమీక్ష ఎలాగూ జరుగుతుంది. డాక్టరు, నర్సు, ఏఎన్ఎం, ఆశా ఒకే గదిలో కూర్చుంటారు. చావుకు కారణం రాశాక ఇంకో పావుగంట కూర్చుని ఆ రోజు ఎవరికి ఎలా గడిచిందో అడగడానికి కొత్త జీవో అక్కర్లేదు, బడ్జెట్టూ అక్కర్లేదు. ముందుగా ఎవరు మాట్లాడాలో మాత్రం తేల్చుకోవాలి. సూపరింటెండెంటు మొదలుపెడితే ఆశా నోరు విప్పే అవకాశం తక్కువ.