గడ్డికోత యంత్రపు కార్బ్యురేటరు సర్దుబాటు

కార్బ్యురేటరు పెట్రోలును, గాలిని తగిన పాళ్ళలో కలిపి ఇంజనుకు అందించే పరికరము. 1 కిలో పెట్రోలు పూర్తిగా మండుటకు సుమారు 14.7 కిలోల గాలి అవసరము. భుజానికి తగిలించుకొనే టూ స్ట్రోక్ గడ్డికోత యంత్రాలలో దీనికి సాధారణంగా మూడు స్క్రూలు ఉంటాయి. 'ఎల్' స్క్రూ తక్కువ వేగంలోను, 'హెచ్' స్క్రూ ఎక్కువ వేగంలోను అందే పెట్రోలును నియంత్రిస్తాయి. మూడవది ఐడిలింగ్ వేగాన్ని నిర్ణయిస్తుంది.

సర్దుబాటు విధానము

ముందుగా ఎయిర్ ఫిల్టరును శుభ్రపరచి, ఇంజనును వేడెక్కనివ్వాలి. ఎల్, హెచ్ స్క్రూలను కుడివైపు తిప్పితే పెట్రోలు తగ్గుతుంది, ఎడమవైపు తిప్పితే పెరుగుతుంది. ఐడిలింగులో బ్లేడు తిరగరాదు. ఈ ఇంజనుకు కందెన పెట్రోలుతోనే అందుతుంది కనుక పెట్రోలు మరీ తగ్గిస్తే పిస్టను వేడెక్కి బిగుసుకుపోతుంది.

జాగ్రత్తలు

ఖమ్మం, భద్రాచలం పరిసరాలలోనివి ఆకురాల్చు అడవులు. వేసవిలో ఎండుటాకులపై వేడి సైలెన్సరు ఆనినా నిప్పు అంటుకొనవచ్చు. కావున అడవి అంచు పొలాలలో ఈ పనిని గడ్డి, ఆకులు లేని నేలపైనే చేయాలి.