కలమును నమ్మిన నర్మద్

మొగలాయీల కాలమున దేశదేశాల ఓడలు చేరిన రేవుపట్టణము సూరతు. పందొమ్మిదవ శతాబ్ది నాటికి దాని వాణిజ్యవైభవము బొంబాయికి తరలిపోయినది. ఆ క్షీణదశలోనే 1833వ సంవత్సరమున, ఒక నాగర బ్రాహ్మణ కుటుంబమున నర్మదాశంకర్ లాలశంకర్ దవే జన్మించెను. గుజరాతీయులు ఆయనను నర్మద్ అను పేరుననే ఎరుగుదురు.

బొంబాయిలోని ఎల్ఫిన్‌స్టన్ విద్యాలయమున చదివి ఉపాధ్యాయుడైన నర్మద్, 1858 నవంబరు 23న ఆ కొలువు విడిచెను. ఇకపై నీవే నాకు దిక్కని నాడు కలమునకు కన్నీటితో విన్నవించుకొనెను. రాజాశ్రయము లేక, నెల జీతము లేక, రచనచేతనే బ్రతుకబూనుట ఆనాడు సాహసమే.

ఆ కలము ఎవరినీ విడువలేదు. 1860లో వితంతు వివాహ విషయమై వైష్ణవ మహారాజులలో ఒకడైన జదునాథ్‌జీతో ఆయన బహిరంగముగ వాదించెను. 1864లో మిత్రులతో కలసి 'దండియో' పత్రికను స్థాపించెను. దండియో అనగా డప్పుకొట్టు పుల్ల. పేరుకు తగినట్లు ఆ పత్రిక నిద్రించు సమాజమును దడదడలాడించినది. పిదప నర్మద్ తానే ఒక వితంతువును వివాహమాడెను. అయితే అప్పటికే డాహీగౌరి ఆయన ఇల్లాలు. సంస్కర్త ఆచరణలోని ఈ చిక్కును చరిత్ర మరువరాదు.

1866లో వ్రాసిన 'మారీ హకీకత్' అను ఆత్మకథను ఆయన కొద్ది ప్రతులే అచ్చువేయించెను. అది లోకమునకు అందినది 1933లో, శతజయంతి నాడు. దాదాపు 25,000 పదముల 'నర్మకోశము' ఏండ్ల తరబడి ఒంటరిగ చేసిన కృషికి ఫలము; 1873లో సంపూర్ణముగ వెలువడినది. దానితోపాటు అప్పులును పెరిగెను.

తుదకు 1882లో, పూనిక భంగమై, నర్మద్ బొంబాయిలోని ఒక ధర్మసంస్థలో కొలువు కుదిరెను. 1885 నాటి 'ధర్మవిచార్' గ్రంథమున సంస్కరణోద్యమమునే శంకించి, ప్రాచీన ధర్మమును సమర్థించెను. మరుసటి సంవత్సరమున కన్నుమూసెను.

తెలుగు పాఠకునకు ఇచట కందుకూరి వీరేశలింగము స్ఫురించుట సహజము. 1874లో 'వివేకవర్ధని'ని నెలకొల్పి, 1881లో రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిన ఆయనయు పత్రికను ఆయుధముగ పట్టినవాడే, ఆత్మకథ వ్రాసినవాడే. అయితే ఆయన తన మార్గమును వీడలేదు, నర్మద్ వీడెను.

ఈ మార్పును ఓటమి అని కొందరు, పరిణతి అని కొందరు అందురు. నర్మద్ మాత్రము దానిని చాటుమాటుగ కానీయలేదు. ఒకనాడు ఇతరుల విశ్వాసములను ప్రశ్నించిన కలముతోనే, పిదప తన పూర్వవిశ్వాసములను అచ్చులోనే ప్రశ్నించెను. కావున ఆయన తొలినాళ్ళ రచనలను మాత్రమే మెచ్చువారును, కడపటి గ్రంథమును మాత్రమే చేపట్టువారును సగము నర్మద్‌నే చదివినవారగుదురు.