గుర్రం దిగి ఫిరంగి పట్టిన రెజిమెంటు

గోల్కొండ ఆర్టిలరీ సెంటర్ చుట్టుపక్కల నివసించే మన సభ్యులకు ఫిరంగి దళం కొత్త విషయం కాదు. అయితే నేటి ఫిరంగి దళాలలో కొన్ని ఒకప్పుడు అశ్విక దళాలని చాలామందికి తెలియదు. అటువంటి వాటిలో ఇంగ్లండుకు చెందిన సౌత్ నాటింగ్‌హామ్‌షైర్ హుస్సార్స్ ఒకటి. మన భారతీయ సైనికులు కూడా దాని పక్కన నిలిచి పోరాడారు కనుక ఆ చరిత్రను ఇక్కడ క్లుప్తంగా తెలియజేస్తున్నాను.

1794లో ఫ్రాన్సుతో యుద్ధం జరుగుతున్న రోజులవి. శత్రువు సముద్రం దాటి వస్తాడన్న భయంతో బ్రిటిష్ ప్రభుత్వం జిల్లాల వారీగా స్వచ్ఛంద అశ్విక దళాలను ఏర్పాటు చేసింది. వాటిని యోమన్రీ అనేవారు. భూస్వాములు, వారి కౌలుదార్లు, మోతుబరి రైతులు సొంత గుర్రాలతో వచ్చి చేరేవారు. నాటింగ్‌హామ్‌లోనూ అలాగే ఒక దళం పుట్టింది. ఫ్రెంచివారి భారీ దండయాత్ర జరగలేదు గాని, దేశంలో అల్లర్లు చెలరేగినప్పుడల్లా ఈ దళాలకు పిలుపు వచ్చేది. 1831లో ఓటు హక్కు సంస్కరణల బిల్లు వీగిపోయినప్పుడు జనం ఆగ్రహించి నాటింగ్‌హామ్ కోటను తగలబెట్టారు. సాటి ఊరివాళ్ళ మీదికే గుర్రాలు తోలవలసి రావడం యోమన్రీ చరిత్రలో ప్రజలు మెచ్చని భాగమని ఒప్పుకోక తప్పదు.

మొదటి ప్రపంచ యుద్ధంలో 1915లో వీరిని గల్లిపోలికి పంపారు. అక్కడ గుర్రాలకు పని లేక కాలినడకన పోరాడారు. తరువాత సాలోనికా, పాలస్తీనా రంగాలలో పనిచేశారు. 1918లో వారిక్‌షైర్ యోమన్రీతో కలిపి వీరిని మెషీన్‌గన్ దళంగా మార్చి ఫ్రాన్సుకు ఓడ ఎక్కించారు. ఆ ఓడ పేరు లీసోవ్ కాసిల్. మే 27న అలెగ్జాండ్రియా దాటిన కొద్దిసేపటికే జర్మన్ జలాంతర్గామి దానిని ముంచివేసింది. దాదాపు వందమంది ప్రాణాలు కోల్పోయారు.

యుద్ధం ముగిశాక అశ్విక దళాల అవసరం తగ్గిపోయింది. సీనియారిటీలో ముందున్న 14 యోమన్రీ రెజిమెంట్లకు మాత్రమే గుర్రాలు మిగిల్చారు. తక్కినవాటికి వేరే పని చూసుకోవలసిందిగా ఉత్తర్వులు వచ్చాయి. ఉద్యోగంలో సీనియారిటీ జాబితా విలువ మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు! 1922లో సౌత్ నాట్స్ వారు ఫిరంగి దళంగా మారారు. హుస్సార్ అంటే తేలికపాటి అశ్వికుడు. పని మారినా ఆ పేరును మాత్రం వారు వదులుకోలేదు. 1938 నాటికి 107వ రాయల్ హార్స్ ఆర్టిలరీ రెజిమెంటుగా గుర్తింపు పొందారు. విచిత్రమేమంటే, అదే జిల్లాకు చెందిన షెర్వుడ్ రేంజర్లు సీనియర్లు గనుక గుర్రాలు నిలుపుకున్నారు గాని, 1941లో వారు కూడా తీరప్రాంతపు ఫిరంగుల దగ్గర నిలబడవలసి వచ్చింది.

1941 ఏప్రిల్‌లో లిబియాలోని టోబ్రూక్ రేవును జర్మన్ సేనాని రోమెల్ ముట్టడించాడు. లోపల ఆస్ట్రేలియన్ 9వ డివిజన్‌కు అండగా నిలిచిన ఫిరంగి దళాలలో 107వ రెజిమెంటు ఒకటి. మన 18వ కావల్రీ కూడా ఆ ముట్టడిలో ఉంది. గుర్రపు రౌతులుగా పేరుపడ్డ ఆ భారతీయ జవాన్లు కందకాలలో నిలబడి కాపలా కాశారు. ఎండ, దుమ్ము, ఈగలు, ఉప్పునీళ్ళ నడుమ ముట్టడి దాదాపు ఎనిమిది నెలలు సాగింది.

అసలు పరీక్ష మరుసటి ఏడు వచ్చింది. ఈ దళం చేతిలో ఉన్నది 25 పౌండర్ ఫిరంగి. సుమారు 11 కిలోల గుండును 12 కిలోమీటర్ల దూరం వేయగలదు. దూరం నుంచి కాల్చడానికి చేసిన ఆ ఫిరంగిని, టాంకులు మీదికి వచ్చినప్పుడు నేరుగా గురిపెట్టి వాడవలసి వచ్చేది. 1942 జూన్ 5న నైట్స్‌బ్రిడ్జ్ సమీపంలోని కాల్డ్రన్ అనే పల్లపు నేలలో బ్రిటిష్ దాడి విఫలమైంది. రోమెల్ ఎదురుదాడికి దిగాడు. మన 5వ భారతీయ డివిజన్‌కు చెందిన 10వ బ్రిగేడ్‌తో సహా అనేక దళాలు అక్కడ చిక్కుకున్నాయి. చివరి గుండు వరకు నిలవాలన్నది హుస్సార్లకు అందిన ఆదేశం. జూన్ 6న మూడు వైపుల నుంచి టాంకులు ముసురుకోగా, ఒక్కొక్క ఫిరంగీ మూగబోయే దాకా కాల్చారు. కమాండింగ్ అధికారి లెఫ్టినెంట్ కల్నల్ విలియం సీలీ ఆ పోరులో మరణించారు. మిగిలినవారిలో అధికభాగం బందీలయ్యారు. ఒక్కరోజులో రెజిమెంటు తుడిచిపెట్టుకుపోయింది. తరువాత ఆ పేరుతో తిరిగి దళాన్ని నిలబెట్టారు. 1967 సంస్కరణలలో అది కుదించుకుపోయి బ్యాటరీ స్థాయికి చేరింది.

ఈ కథ ఇంత వివరంగా మనకు తెలియడానికి కారణం విశ్రాంత సైనికులే. లండన్‌లోని ఇంపీరియల్ వార్ మ్యూజియం తరఫున చరిత్రకారుడు పీటర్ హార్ట్ ఆనాటి హుస్సార్లను వారి వృద్ధాప్యంలో కలుసుకొని, వారి జ్ఞాపకాలను టేపులపై రికార్డు చేశారు. వాటి ఆధారంగా 1996లో 'టు ద లాస్ట్ రౌండ్' అనే పుస్తకం వెలువడింది. అధికారుల నివేదికలలో కనిపించని భయం, ఆకలి, స్నేహం, తోటివారిని పోగొట్టుకున్న బాధ అందులో మామూలు సైనికుల మాటల్లోనే ఉన్నాయి.

మన సభ్యులలోనూ, వారి కుటుంబాలలోనూ 1962, 1965, 1971 యుద్ధాలు చూసినవారు ఉన్నారు. 25 పౌండర్ ఫిరంగిని మన సైన్యం కూడా ఆ రోజుల్లో వాడింది. సైన్యంలో కాకపోయినా, ప్రతి శాఖలోనూ మారిపోయిన పనులు, మూతపడ్డ విభాగాలు, పాత పద్ధతులు తెలిసినవారు ఉన్నారు. వారు చెప్పగలిగినప్పుడే పిల్లలు కూర్చోబెట్టి వినాలి, వీలైతే రాసిపెట్టాలి. ఆ హుస్సార్లలో పలువురి గొంతు ఈనాడు మ్యూజియం టేపుల్లోనే మిగిలి ఉంది.