పెన్సిల్ సంతకం

1918 నవంబరు 11న వియన్నాలోని షోన్‌బ్రున్ రాజభవనంలో చక్రవర్తి కార్ల్ ముందు మంత్రులు ఒక కాగితం పెట్టారు. ఇకమీదట రాజ్య వ్యవహారాల్లో తాను పాలుపంచుకోనని అందులో ఉంది. సింహాసనం వదులుకుంటున్నానన్న మాట మాత్రం ఎక్కడా లేదు. ఉంటే అతడు వేలు కదిపేవాడు కాదు. పెన్సిల్‌తో సంతకం చేసి, ఆ సాయంత్రమే భార్య జీతాను, పిల్లల్ని వెంటబెట్టుకుని ఎకార్ట్‌సావు వేట భవనానికి వెళ్లిపోయాడు. అప్పటికి అతడి వయసు 31. ఆరు శతాబ్దాలకు పైగా ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ వంశానికి అతడే ఆఖరి ఏలిక.

నిజానికి ఆ గద్దె అతడి దాకా రావలసింది కాదు. చావులే దాన్ని తెచ్చి ఒళ్లో పడేశాయి. వృద్ధ చక్రవర్తి ఫ్రాంజ్ జోసెఫ్ కొడుకు రుడాల్ఫ్ 1889లో ఆత్మహత్య చేసుకున్నాడు. ఆ తర్వాత వారసుడైన ఫ్రాంజ్ ఫెర్డినాండ్ 1914లో సరయేవోలో తూటాకు బలయ్యాడు. 1916 నవంబరులో ముసలాయన కన్నుమూసేనాటికి ప్రపంచయుద్ధం మూడో ఏట నడుస్తోంది. ఆ డిసెంబరు 30న బుడాపెస్టులో హంగరీ కిరీటం పెట్టుకుంటూ కార్ల్ దేవుడి ఎదుట ప్రమాణం చేశాడు. దేవుడికిచ్చిన మాటను మనుషులడిగారని వెనక్కి తీసుకోకూడదన్నది అతడి పట్టు. అతణ్ణి చివరికంటా నడిపించింది అదే, ముంచిందీ అదే.

మంచివాడన్న మాటను శత్రువులూ కాదనలేదు. గట్టివాడు మాత్రం కాదు. 1917లో జీతా అన్నదమ్ముల ద్వారా ఫ్రాన్సుతో గుట్టుగా సంధి కోసం ప్రయత్నించాడు. మరుసటి ఏడు ఫ్రెంచి ప్రధాని క్లెమాన్సో అప్పుడతడు రాసిన ఉత్తరాన్ని బయటపెడితే, అలా రాయలేదని బొంకాడు. యుద్ధం ఆపాలనుకున్నవాడు లోకం కళ్లకు అబద్ధాలకోరుగా మిగలడం నాకు అతడి పతనంలోకెల్లా బాధ కలిగించే ఘట్టం.

1919 మార్చిలో ఒక బ్రిటిష్ అధికారి రక్షణలో రైలెక్కి కుటుంబమంతా స్విట్జర్లాండు చేరింది. ఏప్రిల్ 3న ఆస్ట్రియా పార్లమెంటు చట్టం చేసింది. కార్ల్ ఇక దేశంలో అడుగుపెట్టకూడదు. మిగతావాళ్లు వంశహక్కులన్నీ వదులుకుంటున్నామని రాసిస్తే ఉండొచ్చు. ఆస్తులు ప్రభుత్వానివి.

1921లో అతడు రెండుసార్లు హంగరీ గద్దె కోసం వెళ్లాడు. రాజప్రతినిధిగా కూర్చున్న హోర్తీ ఒకప్పుడు అతడి నౌకాసేనానే. ఈస్టర్ నాడు ఎదురుపడితే కుర్చీ వదలనన్నాడు. అక్టోబరులో జీతాతో కలిసి విమానంలో దిగి, వెంట వచ్చిన సైన్యంతో బుడాపెస్టు పొలిమేర దాకా చేరాడు. బుడావొర్ష్ దగ్గర కాల్పులు జరిగి మనుషులు పడిపోవడం చూశాక తన వాళ్లే ఒకరినొకరు చంపుకోవడం సహించలేక ఆగిపోయాడు. బ్రిటిష్ వాళ్లు దంపతులను ఓడ ఎక్కించి, నవంబరు 19న పోర్చుగల్ వాళ్ల మదీరా దీవిలో దింపారు.

ఖర్చులెవరు భరించాలో గెలిచిన దేశాలు తేల్చనేలేదు. నగలు నమ్మి అప్పగించిన మనిషి చేతుల్లో మాయమయ్యాయి. ఫుంచల్ పట్నంలో అద్దె కట్టే స్తోమత లేక, 1922 ఫిబ్రవరిలో కొండమీది మోంటే ఊళ్లో ఒక ధనికుడు ఉచితంగా ఇచ్చిన వేసవి విడిదికి పిల్లలతో సహా మారారు. వేసవిలో అది స్వర్గమే కావచ్చు. ఫిబ్రవరిలో మాత్రం ఎప్పుడు చూసినా మంచే. గోడలు చెమ్మెక్కి బూజు పట్టాయి. పచ్చికట్టెలు పొగే తప్ప సెగనివ్వలేదు.

మార్చి 9న, మర్నాడు నాలుగేళ్లు నిండే కొడుకు కార్ల్ లుడ్విగ్‌కు బొమ్మ కొనాలని తండ్రి కొండ దిగాడు. తిరిగి పైకెక్కేటప్పుడు మంచు కమ్మింది. జలుబు పట్టుకుంది. డాక్టరుకిచ్చేందుకు డబ్బులెక్కడివని కబురు చేయనివ్వలేదు. పిలిచేసరికి అది న్యుమోనియా. కాళ్లకు టర్పెంటైన్ సూదులు, వీపుకు ఆవపిండి పట్లు, ఆనాటి వైద్యం అంతే. ఏప్రిల్ 1న, తొమ్మిదేళ్ల పెద్దకొడుకు ఒట్టోను మంచం దగ్గరికి పిలిపించుకున్నాడు. చావు ఎలా ఉంటుందో బిడ్డ చూడాలనుకున్నాడట. జీతా నిండు చూలాలు. మధ్యాహ్నానికి ప్రాణం పోయింది, 34 ఏళ్లకు. శవపేటికను రెండు చక్రాల తోపుడు బండి మీద చర్చికి తీసుకెళ్లారు.

ఎనిమిదో బిడ్డ ఎలిజబెత్ మే 31న స్పెయిన్‌లో పుట్టింది. భర్త పోయిననాడు జీతా కట్టిన నల్లబట్ట 67 ఏళ్లు విప్పలేదు. స్పెయిన్, బెల్జియం, హిట్లర్ తరిమితే కెనడా. అక్కడ దారిపక్క మొలిచే ఆకు కోసుకుని వండుకున్న రోజులున్నాయి. కూతురు షార్లెట్ వంశం పేరు దాచి న్యూయార్కు ఈస్ట్ హార్లెమ్‌లో బీదల మధ్య సమాజసేవ చేసింది. ఒట్టో పేరునైతే నాజీలు ఆస్ట్రియాను మింగే తమ సైనిక పథకానికే పెట్టుకున్నారు.

హక్కులు వదులుకుంటూ తండ్రి పెట్టని సంతకం ఆ ఒట్టోయే 1961లో పెట్టాడు. ఇంటికి రావాలంటే మరో దారి లేదు. పెట్టినా అయిదేళ్లు రాజకీయ రగడ సాగి, 1966లో గానీ అతణ్ణి సరిహద్దు దాటనివ్వలేదు. తర్వాత ఇరవై ఏళ్లు యూరప్ పార్లమెంటులో జర్మనీ తరఫున కూర్చున్నాడు. తమ్ముళ్లు ఫెలిక్స్, కార్ల్ లుడ్విగ్ 1996 దాకా బెట్టు సడలించలేదు. జీతా ఏ కాగితం మీదా చేయి పెట్టకుండానే, తొంభయ్యో ఏట, 1982లో వచ్చింది. ఆమె కోడలిగా వచ్చిన మనిషే కాబట్టి సింహాసనం మీద ఆమెకు హక్కే లేదు, వదులుకోవడానికేముంది అని తేల్చారు. అంత చిన్న సంగతి గ్రహించడానికి ఆ దేశానికి అరవై ఏళ్లు పట్టింది.

1989 మార్చిలో ఆమె పోయింది. వియన్నాలో కపూచిన్ సన్యాసుల భూగర్భ సమాధిలో ఆమెను దించింది ఏప్రిల్ 1న, భర్త పోయిన తేదీనే. కార్ల్ మాత్రం ఇప్పటికీ మోంటే చర్చిలోనే ఉన్నాడు. పోప్ రెండో జాన్ పాల్ 2004లో అతణ్ణి ధన్యుడిగా ప్రకటించాడు. ఆ పోప్ తండ్రి ఒకనాడు ఆ సామ్రాజ్య సైన్యంలోనే పనిచేసినవాడు. హాబ్స్‌బర్గ్ వంశీయులు ఆస్ట్రియా అధ్యక్ష పదవికి పోటీ చేయరాదన్న నిషేధం 2011లో తీసేశారు. ఒట్టో ఆ జులైలోనే కన్నుమూశాడు. జప్తు చేసిన ఆస్తులు మాత్రం తిరిగి రాలేదు, ఆ 1919 చట్టం నేటికీ అమల్లోనే ఉంది.